కోసే ముందు అది ఏ గడ్డో తేల్చండి: సర్జన్లకు, పాథాలజిస్టులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

డాక్టర్లందరికీ, ఆసుపత్రులు నడిపేవాళ్లందరికీ నమస్కారం.

మా తమ్ముడి తొడలో గడ్డకు జరిగిన మొదటి ఆపరేషన్ గురించి, అది చేసిన ఆసుపత్రికి ఎనిమిది నెలల్లో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి "మీ ఫిర్యాదును సంబంధిత విభాగానికి పంపించాం" అని ఒక్క వాక్యం వచ్చింది. మూడోదానికి అదీ లేదు. నేను నష్టపరిహారం అడగలేదు. ఎవరి మీదా చర్య తీసుకోమనలేదు. వచ్చింది మామూలు గడ్డ కాకపోవచ్చని అనుమానం వస్తే ఏం చేయాలో మీ దగ్గర ఒక పద్ధతి ఉందా, లేకపోతే ఇకముందైనా పెడతారా అని మాత్రమే అడిగాను. ఈ రెండేళ్లలో స్కాన్ గదుల బయట మా పక్కన కూర్చున్నవాళ్ల ఫైళ్లు చూశాక, ఇది ఒక్క ఆసుపత్రి సంగతి కాదని అర్థమైంది. అందుకే ఎవరి పేరూ రాయకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను. తమ్ముడు ఎలక్ట్రీషియన్. అప్పటికి వయసు 36. కుడి తొడ వెనకవైపు గడ్డ ఏడాదిగా ఉంది. నొప్పి లేదు కాబట్టి వాడూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. పిడికిలంత అయ్యాక వెళ్లి చూపించాడు. డాక్టర్ గారు చేత్తో నొక్కి చూసి "కొవ్వు గడ్డే, అరగంట పని" అన్నారు. స్కాన్ లేదు, ముక్క పరీక్ష లేదు. తర్వాతి వారమే ఆపరేషన్. గడ్డ కండరం లోపలికి ఉందని, ఒక్కటిగా రాలేదని, ముక్కలు ముక్కలుగా తీయాల్సి వచ్చిందని బయటికి వచ్చాక చెప్పారు. అందులో ఒక్క ముక్క ల్యాబ్‌కు వెళ్లింది. మిగతాది ఏమైందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ముక్కతో పాటు పంపిన ఫారం కాపీ నా దగ్గరుంది. రోగి వివరాలు రాయడానికి నాలుగు గీతలున్న చోట "లైపోమా, తొడ" అని రెండే మాటలున్నాయి. లైపోమా అంటే కొవ్వు గడ్డే.

కుట్లు విప్పే రోజు రిపోర్టు ఇంకా రాలేదన్నారు. రాకపోతే మామూలే అనుకుని ఇంటికి వచ్చేశాం. ఐదు నెలలకు అదే చోట మళ్లీ గడ్డ తేలింది. పాత ఫైలు తీయమంటే అందులో రిపోర్టు ఉంది. కుట్లు విప్పడానికి మూడు రోజుల ముందు తేదీ. చివర, చిన్న అక్షరాల్లో: "మిక్సాయిడ్ నియోప్లాజమ్, తదుపరి పరీక్షలు అవసరం." అంటే జిగురులాంటి పదార్థం ఉన్న కణితి అని. ఐదు నెలలు ఆ వాక్యాన్ని ఎవరూ చదవలేదు.

అరుదైన కణితులకే చికిత్స చేసే కేంద్రానికి వెళ్లాక ఎంఆర్ఐ తీశారు, లావు సూదితో ముక్క తీశారు, జన్యు పరీక్ష చేశారు. మిక్సాయిడ్ లైపోసార్కోమా అని, అంటే కొవ్వు కణజాలంలో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ అని తేలింది. ఐదు వారాల్లో 25 సార్లు రేడియేషన్. తర్వాత పెద్ద ఆపరేషన్. పాత గాటు చుట్టూ చర్మం, కింద కండరం తీసేసి, ఆ ఖాళీని ఇంకోచోటి కండరం తెచ్చి కప్పారు. ఇప్పుడు నడుస్తాడు. నిచ్చెన ఎక్కలేడు. ఆ పనికి నిచ్చెన ఎక్కకుండా కుదరదు.

ఇక నేను చెప్పదలచుకున్నవి.

1. కొవ్వు గడ్డా కాదా అన్నది చేత్తో తేలేది కాదు.

మెత్తటి గడ్డల్లో హాని లేనివే చాలా ఎక్కువ. కండరం, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్‌ను సార్కోమా అంటారు; ఒక సార్కోమాకు వంద మామూలు గడ్డలైనా ఉంటాయి. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో సార్కోమాలు దాదాపు 1 శాతమే. కాబట్టి గడ్డను చూడగానే డాక్టర్‌కు లైపోమా గుర్తుకు రావడంలో తప్పు లేదు. ఆ ఊహను పరీక్షించకుండా కత్తి పట్టుకోవడం తప్పు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, కండరం పొర కింద లోతుగా ఉన్నా, ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చినా ముందు స్కాన్ చేయాలి, తర్వాత కోర్ నీడిల్ బయాప్సీ (లావు సూదితో ముక్క తీసి పరీక్షించడం) చేయాలి. ఆపరేషన్ ఆ తర్వాతి మాట. మా తమ్ముడికి ఈ నాలుగింటిలో మూడు మొదటి రోజే ఉన్నాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. హెన్రీ మాంకిన్ అనే అమెరికన్ సర్జన్, ఆయన సహచరులు ఎముక, మృదు కణజాల కణితులున్న 329 మంది బయాప్సీలను పరిశీలించి 1982లో ప్రచురించారు. 18 శాతం మందికి నిర్ధారణలో పెద్ద పొరపాటు జరిగింది. బయాప్సీ సరిగ్గా జరగనందువల్ల 15 మంది తీసేయక్కర్లేని కాలో చెయ్యో పోగొట్టుకున్నారు. 1996లో 597 మందితో మళ్లీ చూశారు. పొరపాట్లు 17.8 శాతం, అనవసరంగా అవయవం పోయినవాళ్లు 18 మంది. పద్నాలుగేళ్లు గడిచినా అంకె కదల్లేదు. చికిత్స చేసే కేంద్రంలో కాకుండా, అక్కడికి పంపడానికి ముందే వేరే చోట బయాప్సీ చేస్తే పొరపాట్లు, వాటి ఫలితాలు 2 నుంచి 12 రెట్లు ఎక్కువని కూడా ఆ రెండో పరిశీలనే చెప్పింది.

గాటు ఎటువైపు పెట్టారన్నది రోగికి చిన్న విషయంలా కనిపిస్తుంది. మాకూ అలాగే కనిపించింది. చేతులు, కాళ్ల మీద గాటు పొడవు వెంట ఉండాలి. ఎందుకంటే సూది వెళ్లిన దారి, కత్తి వెళ్లిన దారి, రక్తం గడ్డకట్టిన చోటు అన్నిటిలోనూ కణితి కణాలు ఉండే అవకాశం ఉంది. చివరి ఆపరేషన్‌లో వాటన్నిటినీ కలిపి తీయాలి. మా తమ్ముడి మొదటి గాటు అడ్డంగా ఉంది, 9 సెంటీమీటర్లు. డ్రెయిన్ గొట్టం గాటుకు దూరంగా పక్కన పెట్టారు. రెండో సర్జన్ గారు స్కెచ్ పెన్నుతో తొడ మీద గీత గీస్తుంటే నేను అక్కడే ఉన్నాను. ఆ గాటు కొసలు, ఆ గొట్టం రంధ్రం లోపలికి వచ్చేలా గీత పెరుగుతూ పోయింది. గాటు నిలువుగా ఉంటే దీనిలో సగం సరిపోయేదని ఆయన అన్నారు. ఎవరినీ నిందించకుండా, గీత గీస్తూనే అన్నారు.

కాలు తీసేస్తేనే ప్రాణం దక్కుతుందన్న భయం ఇప్పటికీ జనంలో ఉంది. 1982లోనే స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం 43 మంది సార్కోమా రోగులతో చేసిన అధ్యయనంలో, కాలో చెయ్యో నిలబెట్టి ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లకూ, అవయవం తీసేసినవాళ్లకూ బతికి ఉండటంలో తేడా కనిపించలేదు. కాలును నిలబెట్టే మార్గం ఉంది. మొదటి ఆపరేషన్ ఆ మార్గాన్ని మూసేయకూడదు.

2. సూదితో కూడా తొందరపడకూడని గడ్డలున్నాయి.

స్కాన్ తర్వాత సూదితో ముక్క తీయాలని ముందు చెప్పిన మాట అన్ని గడ్డలకూ వర్తించదు. కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ కనిపిస్తే అది బీపీ పెంచే హార్మోన్లను వదిలే ఫియోక్రోమోసైటోమా అనే కణితి కావచ్చు. రక్తంలోనో మూత్రంలోనో మెటానెఫ్రిన్లు (ఆ హార్మోన్ల ఆనవాళ్లు) చూడకుండా దాన్ని సూదితో పొడిస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్‌కు ముందు కూడా బీపీని అదుపులో పెట్టే ఆల్ఫా బ్లాకర్ మందులతో రోజుల తరబడి సిద్ధం చేయాలి. జీర్ణాశయంలోనో పేగులోనో వచ్చే జిస్ట్ కణితి ఆపరేషన్‌లో పగిలితే కడుపంతా విత్తనాలు చల్లినట్టే. గర్భాశయంలో గడ్డ ఫైబ్రాయిడే అనుకుని కడుపులోనే మిషన్‌తో తరిగి తీసే పద్ధతి మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరిక ఇచ్చింది. ఫైబ్రాయిడ్ అని ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి 350 మంది ఆడవాళ్లలో ఒకరికి ముందుగా తెలియని సార్కోమా ఉండొచ్చని లెక్క కట్టింది. ఏ గడ్డకు ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్న పట్టిక ప్రతి ఆపరేషన్ థియేటర్ గోడ మీద ఉండాలి.

3. ముక్క, సీసా, ఫారం, రిపోర్టు.

నా బాధంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, తీసిందేమిటో చెప్పేది పాథాలజిస్టు. ఆయన చేతికి ఏమిస్తున్నాం? ఒక సీసా, రెండు మాటలు. తీసిన గడ్డ మొత్తం ల్యాబ్‌కు వెళ్లాలి. సరిపడా ఫార్మలిన్‌లో వెళ్లాలి. పైభాగం ఏది, లోపలి అంచు ఏది అని దారం ముడులతో గుర్తు పెట్టాలి. ఫారంలో వయసు, గడ్డ ఎక్కడ, ఎంత లోతు, ఎంత సైజు, ఎన్నాళ్లుగా ఉంది అని రాయాలి. ఇవి రాయడానికి రెండు నిమిషాలు చాలు. లైపోమా అని ముందే రాసేస్తే చూసేవాళ్ల కన్ను కూడా ఆ వైపే పోతుంది. అయినా మా రిపోర్టు రాసినవాళ్లు అనుమానించారు. వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకు మాత్రం రుణపడి ఉంటాను.

అరుదైన కణితుల పేరు తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. యూరప్‌లో మూడు ప్రాంతాల్లో 1,463 సార్కోమా కేసులను నిపుణులు రెండోసారి చూశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో మొదటి రిపోర్టు, రెండో రిపోర్టు పూర్తిగా కలిసినవి 56 శాతమే. 8 శాతం కేసుల్లో ఒకదానికొకటి పొంతనే లేదు. పేరు మారితే ఏమవుతుందని అడిగేవాళ్లకు జిస్ట్ కథే జవాబు. ఒకప్పుడు దాన్ని నునుపు కండరాల కణితి అని రాసేవాళ్లు, కీమో పెద్దగా పనిచేసేది కాదు. 1998లో కిట్ అనే జన్యువులో మార్పు బయటపడింది. 2002లో జిస్ట్‌కు ఇమాటినిబ్ మాత్ర వాడటానికి అనుమతి వచ్చింది. రిపోర్టులో సరైన పేరు పడిన రోగికి రోజూ వేసుకునే మాత్రలతో ఏళ్లు కలిసొచ్చాయి.

కాబట్టి అడుగుతున్నాను. "తదుపరి పరీక్షలు అవసరం", "అనుమానం ఉంది" అని రాసిన ప్రతి రిపోర్టు విషయంలో ల్యాబ్ నుంచి సర్జన్‌కు ఫోన్ వెళ్లాలి. ఎవరు ఎవరికి, ఏ తేదీన చెప్పారో రిజిస్టర్‌లో రాయాలి. రోగికి ఆ రిపోర్టు కాపీ అడగకుండానే ఇవ్వాలి. తీసిన ఏ గడ్డనూ, ఎంత మామూలుగా కనిపించినా, ల్యాబ్‌కు పంపకుండా పారేయకూడదు.

4. బ్లాకులు రోగి అడిగితే ఇవ్వాలి.

పెద్ద కేంద్రంలో "పాత ముక్క మైనం బ్లాకు, స్లైడ్లు తీసుకురండి" అన్నారు. బ్లాకు అంటే తీసిన ముక్కను భద్రపరిచిన మైనం దిమ్మ. ఆసుపత్రిలో అడిగితే బ్లాకు ఇవ్వడం కుదరదన్నారు. నాలుగుసార్లు తిరిగాక దూదిలో చుట్టిన రెండు గాజు స్లైడ్లు ఇచ్చారు. అవి చూసి అక్కడి డాక్టర్ గారు "వీటితో జన్యు పరీక్ష చేయలేం, బ్లాకు కావాలి" అన్నారు. మళ్లీ మొదటికొచ్చాం. 19 రోజులు పోయాయి. బ్లాకు తపాలా బిళ్లంత ఉంటుంది. సంతకం పెట్టించుకుని ఇవ్వండి, పని అయ్యాక తిరిగి తీసుకోండి.

5. "పాకలేదు" అని చెప్పే ముందు ఆ కణితి ఎటు పాకుతుందో చూడండి. "పాకింది" అని చెప్పాక అక్కడితో వదిలేయకండి.

రెండో ఆపరేషన్ అయిన పది నెలలకు తమ్ముడికి నడుము నొప్పి వచ్చింది. అప్పటికి ఛాతీ సీటీ స్కాన్ శుభ్రంగా ఉంది. ఇంటి దగ్గర్లో చూపిస్తే, నడక మారింది కాబట్టి కండరం పట్టేసిందని, ఫిజియోథెరపీ చేయించుకోమని చెప్పారు. ఏడు వారాలు చేయించాం. రాత్రిళ్లు పడుకోలేక కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు. చెకప్‌కు వెళ్లినప్పుడు పెద్ద కేంద్రం డాక్టర్‌తో ఈ మాట అంటే, ఆవిడ వెంటనే వెన్నెముక ఎంఆర్ఐ రాశారు. ఒక పూసలో కణితి ఉంది. సార్కోమాలు ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతాయి, నిజమే. కానీ మిక్సాయిడ్ లైపోసార్కోమా వెన్నెముకకు, ఒంట్లోని ఇతర కొవ్వు భాగాలకు కూడా పాకుతుందని, బోన్ స్కాన్‌లోనూ పెట్ స్కాన్‌లోనూ అది తప్పించుకోగలదని ఆవిడకు తెలుసు. ఆ ఒక్క విషయం తెలిసినవాళ్లు ముందే చూసి ఉంటే వాడికి ఆ ఏడు వారాల నరకం ఉండేది కాదు.

ప్రతి కణితికీ దాని దారి ఉంటుంది. జిస్ట్ కాలేయానికి, కడుపు పొరకు పోతుంది. కంటి లోపల వచ్చే మెలనోమా ఎన్నో ఏళ్ల తర్వాత కాలేయంలో తేలవచ్చు. ఆల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా మెదడుకు కూడా వెళ్తుంది. ఎముకల్లో వచ్చే జెయింట్ సెల్ కణితిని హాని లేనిదనే వర్గంలో పెడతారు, అయినా కొద్దిమందిలో ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. అందరికీ ఒకే స్కాన్ రాసి, అది బాగుంటే అంతా బాగుందని చెప్పడం రోగిని తప్పుదారి పట్టించడమే.

ఇక పాకిందని తెలిశాక. మా పక్క కుర్చీలో కూర్చున్న ఒక తల్లి, కొడుకు ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకిందని, ఇంక చేసేదేమీ లేదని వాళ్లను మొదట చూసిన చోట రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకినా, మచ్చలు కొద్దిగా ఉండి అన్నిటినీ తీయగలిగితే, కొంతమంది పూర్తిగా కోలుకుంటారు. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితులు కాలేయానికి పాకినా, ఎంపిక చేసిన రోగులకు ఆ భాగాలు తీస్తే ఏళ్ల తరబడి బతుకుతారు. అపెండిక్స్ నుంచి కడుపంతా జిగురు నింపే సూడోమిక్సోమాకు పొరలు తీసి వేడి కీమో పోసే ఆపరేషన్ ఉంది. అందరికీ ఆపరేషన్ చేయాలని నేను అనడం లేదు. పనికిరాని ఆపరేషన్ కూడా రోగిని హింసించడమే, ఆశ పెట్టి నిలువునా ముంచడం అంతకంటే ఘోరం. "ఏమీ చేయలేం" అన్న మాట ఒక్క డాక్టర్ ఓపీలో చెప్పకూడదని అంటున్నాను. ఆ రకం కణితులు చూసే సర్జన్, ఆంకాలజిస్టు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని స్కాన్లు చూశాకే ఆ మాట బయటికి రావాలి.

6. పెద్ద కేంద్రానికి పంపితే మీ గౌరవం తగ్గదు.

ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చే క్యాన్సర్‌ను యూరప్‌లో అరుదైనదిగా లెక్కిస్తారు. అలాంటివన్నీ కలిపితే మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతుకు పైనే. విడివిడిగా అరుదు కాబట్టి ఒక జనరల్ సర్జన్ తన సర్వీసు మొత్తంలో కొన్నింటిని ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. తెలియకపోవడం నేరం కాదు. ఫ్రాన్స్‌లో సార్కోమాల కోసం నెట్‌సార్క్ అనే నెట్‌వర్క్ ఉంది. 12,528 మంది రోగుల వివరాలతో 2017లో వాళ్లు ప్రచురించిన దాని ప్రకారం, చికిత్స మొదలుకాక ముందే నిపుణుల బృందం చూసిన కేసుల్లో బయాప్సీలు, స్కాన్లు మరింత సరిగ్గా జరిగాయి, కణితి పూర్తిగా తీయగలిగినవాళ్లు ఎక్కువ, మళ్లీ వచ్చినవాళ్లు తక్కువ. ప్రతి ఆసుపత్రీ తనకు అందుబాటులో ఉన్న కేంద్రంతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఏ నంబరుకు ఫోన్ చేయాలో, స్కాన్లు ఎలా పంపాలో డ్యూటీ డాక్టర్‌కు తెలిసుండాలి. రోగి చేతిలో చీటీ పెట్టి "పెద్ద ఆసుపత్రికి వెళ్లండి" అంటే పంపినట్టు కాదు. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏ రోజున అన్నది కూడా ఆ చీటీ మీదే ఉండాలి.

గడ్డతో ఆసుపత్రికి వెళ్లబోతున్నవాళ్లకు ఒక మాట. మొహమాటపడకుండా మూడు అడగండి. తీయకముందు స్కాన్ అవసరమా? తీసింది మొత్తం ల్యాబ్‌కు వెళ్తుందా? రిపోర్టు నాకు ఏ తేదీన ఇస్తారు? ఆ తేదీకి రాకపోతే వెళ్లి అడగండి. మేం అడగలేదు. రిపోర్టు రాలేదంటే మంచిదే అనుకున్నాం.

మొదటి ఆసుపత్రి వారికి: ఈ లేఖ మీరూ చదువుతారని తెలుసు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రావాల్సే ఉంది. ల్యాబ్ ఫారం, తేదీలున్న రిపోర్టు, రెండు స్లైడ్లు, ఎంఆర్ఐ సీడీలు అన్నీ వరుసగా ఫైలులో పెట్టి ఉంచాను. మీ సర్జన్లను, ల్యాబ్ వాళ్లను ఒకచోట కూర్చోబెడితే, ఏ రోజు చెప్పినా ఆ ఫైలు తీసుకుని వస్తాను. తమ్ముడు కూడా వస్తానన్నాడు. వచ్చే నెల 14న వాడికి మళ్లీ వెన్నెముక ఎంఆర్ఐ ఉంది, ఆ ఒక్క రోజు తప్ప.

ఇట్లు,
ఒక రోగి అక్క